పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల సంగీతం: ఎల్పీ కొనాలా, సీడీ కొనాలా, ఫైలు చాలా?

ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో రాయగడలోనో ఉంటూ 1950ల నాటి సైన్స్ ఫిక్షన్ సినిమాల సంగీతం పోగుచేసే తెలుగువాళ్లు ఎక్కువమంది ఉండరు. కానీ ఉన్నారు. వాళ్లలో కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఎల్పీ రికార్డులు కొనాలా, సీడీలు కొనాలా, ఫోన్లో వింటే సరిపోదా?" దానికి జవాబు చెప్తాను. కానీ అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. అది తేలకుండా ఏది కొన్నా డబ్బు దండగే.

మనకు సినిమా ఆడియో అంటే పాటలు. హాల్లో విన్న పాటే రేడియోలో వచ్చేది, క్యాసెట్లోనూ అదే ఉండేది. వెనక వాయించిన సంగీతాన్ని రికార్డుగా వేసే అలవాటు మన దగ్గర చాలాకాలం లేదు. హాలీవుడ్‌లో తిరగేసి ఉంటుంది. అక్కడ ఆల్బం అంటే ఆ వెనక సంగీతమే. అయితే తెర మీద విన్నదే డిస్కులో ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు. అట్ట మీద అదే సినిమా పేరు, అదే పోస్టర్, లోపల మాత్రం వేరే ఆర్కెస్ట్రా!

ముందు ఏ రికార్డింగో తేల్చుకోండి

ఒకే సినిమా పేరుతో మూడు రకాల ఆల్బంలు దొరుకుతాయి. సినిమా కోసం వాయించిన అసలు టేపుల నుంచి వేసినవి మొదటి రకం. సినిమా విడుదలయ్యే రోజుల్లోనే ఎల్పీ కోసమని విడిగా వాయించినవి రెండో రకం. ఏళ్లు గడిచాక వేరే ఆర్కెస్ట్రాతో కొత్తగా రికార్డు చేసినవి మూడో రకం.

ఇలా ఎందుకు జరిగిందంటే కారణాలు రెండు. ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు మించి పట్టదు. గంటన్నర సంగీతాన్ని నలభై నిమిషాలకు కుదించాలి. చిన్న చిన్న ముక్కల్ని కలిపి వినసొంపుగా కూర్చాలి. రెండోది డబ్బు. అమెరికా సంగీతకారుల సంఘం నిబంధనల ప్రకారం సినిమాకు వాయించిన టేపును ఆల్బంగా అమ్మితే వాయించినవాళ్లకు మళ్లీ చెల్లించాలి. దానికన్నా చిన్న బృందంతో ఇంకోసారి వాయించుకోవడమో, యూరప్ వెళ్లి రికార్డు చేయడమో చవకగా తేలేది.

'బ్లేడ్ రన్నర్' సంగతే చూడండి. 1982లో సినిమా వచ్చింది. చివర్లో వచ్చే పేర్లలో సౌండ్‌ట్రాక్ పోలిడోర్ రికార్డ్స్‌లో దొరుకుతుందని వేశారు. దొరకలేదు. సంగీతం చేసిన వాంగెలిస్ సొంత రికార్డింగు బయటికి రావడానికి 1994 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లూ బజార్లో ఉన్నది న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా అనే బృందం వాయించిన ఎల్పీ. వాంగెలిస్ యమహా సీఎస్-80 సింథసైజర్ మీద తీసిన ఆ తడి తడి నాదం అందులో లేదు. బాణీలు అవే, వాసన వేరు. ఈ రోజుకీ పాత రికార్డులు అమ్మేవాళ్ల దగ్గర ఆ ఎల్పీ "ఒరిజినల్ 1982 ప్రెసింగ్" అన్న మాటతో కనిపిస్తుంది. అబద్ధమేమీ కాదు, 1982లో అచ్చయిన రికార్డే. మీరు వెతుకుతున్న సంగీతం మాత్రం అది కాదు. పోనీ 1994 ఆల్బం కొంటే చాలా అంటే, అందులో మధ్యమధ్య డైలాగులు వినిపిస్తాయి, సినిమాలో లేని ట్రాకులు కొన్ని ఉన్నాయి, ఉన్నవి కొన్ని లేవు. 2007లో పాతికేళ్ల సందర్భంగా మూడు సీడీల సెట్ వచ్చాక కొంత లోటు తీరింది.

'2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కథ ఇంకా చిత్రం. దర్శకుడు కూబ్రిక్ ఆ సినిమాకు అలెక్స్ నార్త్ చేత సంగీతం రాయించుకున్నాడు, రికార్డు కూడా చేయించాడు. తీరా సినిమాలో రిచర్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటీ, ఖచతూరియన్‌ల రికార్డులు పెట్టుకున్నాడు. తన సంగీతం లేదని నార్త్‌కు తెలిసింది 1968లో సినిమా చూస్తున్నప్పుడే. ఇక ఆల్బం దగ్గరికొస్తే, తెర మీద సూర్యుడు ఉదయించేటప్పుడు మోగేది కరయాన్ నిర్వహణలో వియన్నా ఫిల్హార్మోనిక్ వాయించినది. అప్పట్లో వచ్చిన ఎంజీఎం ఎల్పీలో ఉన్నది కార్ల్ బోమ్ నిర్వహణలో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాయించినది! నార్త్ రాసిన సంగీతం కావాలంటే రెండు దారులున్నాయి. 1993లో సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ తన మిత్రుడి కోసం పూనుకుని కొత్తగా రికార్డు చేయించినది ఒకటి, 2007లో ఇంట్రాడా సంస్థ వేసిన అసలు టేపు ఇంకొకటి. గోల్డ్‌స్మిత్‌ది శబ్దం శుభ్రంగా ఉంటుంది. అసలు టేపు మోనో (స్టీరియో కాదు, ఒకే ఛానెల్), కాస్త మసక. నన్నడిగితే మొదట గోల్డ్‌స్మిత్‌ది కొనండి. అది నచ్చితే రెండోది మీరే వెతుక్కుంటారు.

దీన్నిబట్టి నేను పెట్టుకున్న లెక్క చెప్తాను. ఎలక్ట్రానిక్ సంగీతమైతే అసలు టేపు తప్ప ఇంకేదీ కొనను. 1956 నాటి 'ఫర్బిడెన్ ప్లానెట్'కు లూయీ, బీబీ బారన్ దంపతులు తమ చేత్తో సర్క్యూట్లు కట్టారు. వాటిలోకి మితిమీరిన కరెంటు పంపితే అవి అరిచి, మూలిగి, చివరికి మాడిపోయేవి. ఆ చావుకేకల్ని టేపు మీదికి పట్టి, వేగం తగ్గించి, ప్రతిధ్వని కలిపి సినిమా అంతా నింపారు. మాడిపోయిన సర్క్యూట్ మళ్లీ అలాగే అరవదు, వాళ్లే ప్రయత్నించినా. మరి దాన్ని ఇంకొకరు "కొత్తగా వాయించడం" అంటే ఏముంటుంది? (సంగీతకారుల సంఘంతో పేచీ రాకుండా తెర మీద 'సంగీతం' అని కాక 'ఎలక్ట్రానిక్ టోనాలిటీస్' అని వేశారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1976లో, ఆ దంపతులే ఎల్పీ వేసుకున్నారు.) తార్కోవ్‌స్కీ 'సొలారిస్'కు 1972లో ఎడ్వర్డ్ ఆర్తెమ్యెవ్ చేసినదీ ఇదే కోవ. ఆరని నల్లటి పూత పూసిన గాజు పలక మీద గీతలు గీస్తే వెలుతురు సాయంతో వాటిని శబ్దంగా మార్చే ఏఎన్ఎస్ అనే సోవియట్ యంత్రం మీద ఆయన పనిచేశారు. దానికి నకలు లేదు.

ఆర్కెస్ట్రా సంగీతమైతే పట్టుదల కాస్త సడలించుకోవచ్చు. 1950లలో చాలా టేపులు మోనోలో ఉన్నాయి, కొన్ని పాడయ్యాయి, కొన్ని పోయాయి. రాతప్రతి మిగిలితే మంచి ఆర్కెస్ట్రా దానికి న్యాయం చేయగలదు. 'ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్' కోసం 1951లో బెర్నార్డ్ హెర్మన్ రాసినదాంట్లో మామూలు వయొలిన్ల బృందమే లేదు. రెండు థెరెమిన్లు, కరెంటు వయొలిన్, కరెంటు చెల్లో, కరెంటు బేస్, ఆర్గన్లు, బోలెడు ఇత్తడి వాయిద్యాలు. థెరెమిన్ అంటే ముట్టుకోకుండా వాయించే పెట్టె. ఒక యాంటెన్నా దగ్గర చెయ్యి ఆడిస్తే స్వరం మారుతుంది, రెండోదాని దగ్గర ఆడిస్తే గట్టితనం మారుతుంది. హాలీవుడ్‌లో ఆ రోజుల్లో దాన్ని వాయించే శామ్యూల్ హాఫ్‌మన్ వృత్తిరీత్యా పాదాల డాక్టరు! ఈ సంగీతం అసలు టేపు 1993లో సీడీగా వచ్చింది. 1970లలో హెర్మన్ స్వయంగా డెక్కా కంపెనీకి స్టీరియోలో ఒక సూట్ (ముఖ్యమైన భాగాల కూర్పు) వాయింపించాడు. ఆ తర్వాత జోయెల్ మెక్‌నీలీ మొత్తం మళ్లీ రికార్డు చేశాడు. ముసలితనంలో హెర్మన్ తన పాత సంగీతాన్ని బాగా నెమ్మదిగా నడిపించాడు, ఆ డెక్కా ఎల్పీ విన్నవాళ్లకు అది వెంటనే తెలుస్తుంది. నాకు 1951 టేపే ఇష్టం. గీరుకుపోయినట్టుండే ఆ ఆర్గన్ శబ్దంలో భయం ఉంది.

కొనే ముందు వెనక అట్ట చదవండి. రికార్డు చేసిన తేదీ, ఆర్కెస్ట్రా పేరు, నిర్వాహకుడి పేరు ఈ మూడూ చూస్తే చాలా మటుకు తెలిసిపోతుంది. సినిమా 1968ది, రికార్డింగు 1990లది అయితే మూడో రకం. 'మ్యూజిక్ ఫ్రమ్', 'ఇన్‌స్పైర్డ్ బై', 'థీమ్స్ ఫ్రమ్' లాంటి మాటలుంటే ఇంకాస్త జాగ్రత్త. ఇవేవీ రాయని ఆల్బం అయితే నేను వెనక్కి పెట్టేస్తాను.

ఇప్పుడు ఎల్పీ

ముందే చెప్తున్నాను, నాకు ఎల్పీలంటే ఇష్టమే. కానీ మన ఊళ్లో ఎల్పీ పెంచడం చంటిపిల్లను పెంచడమే. గోపాల్‌పూర్ సముద్రం బరంపురానికి పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఉప్పుగాలి, తేమ ఏడాది పొడుగునా ఉంటాయి. వానాకాలంలో బీరువాలో పెట్టిన పట్టుచీరకే బూజు వాసన వస్తుంటే అట్ట కవర్ల సంగతి చెప్పేదేముంది? అట్ట మెత్తబడుతుంది, లోపలి కాగితం రికార్డుకు అంటుకుంటుంది, గాడుల్లో తెల్లటి చుక్కల్లా బూజు పడుతుంది. ఎండాకాలం ఇంకో బాధ. కిటికీ పక్కనో కారులోనో వదిలేస్తే మధ్యాహ్నానికి అప్పడంలా వంగుతుంది. రాయగడ, కొరాపుట్ వైపు కొండల్లో ఉండేవాళ్లకు ఉప్పుగాలి బెడద లేదు గానీ వానల్లో తేమ తప్పదు.

అయినా కొంటానంటే ఇలా చేయండి. రికార్డుల్ని నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. లోపలి కాగితం కవరు తీసేసి ప్లాస్టిక్ లైనింగు ఉన్నది వేయండి. నేల మీద కాదు, గోడకు ఆనించీ కాదు. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి, బ్యాటరీలో పోసేదే. కుళాయి నీళ్లు ఆరాక గాడిలో సున్నం మిగులుతుంది. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత లక్క రికార్డులకు స్పిరిటు మాత్రం తగలనీయకండి, లక్క కరిగిపోతుంది. వాటికి ముల్లు కూడా వేరే కావాలి. 78 గాడి ఎల్పీ గాడి కన్నా దాదాపు మూడింతలు వెడల్పు. ఎల్పీ ముల్లుతో వేస్తే అది గాడి అడుగున దొర్లుతూ గరగరలాడుతుంది.

దొరికే చోటు? బరంపురం పాత సామాన్ల కొట్లలో కనిపించే రికార్డుల్లో పదికి తొమ్మిది ఘంటసాలవో, ఒడియా గాయకుడు అక్షయ మహాంతివో. ఇంగ్లీషు సినిమా సంగీతం ఆశించకండి. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హౌరా. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లున్నాయి, ఆ ఊళ్లో ఇంగ్లీషు రికార్డులు కొన్న ఇళ్లు ఎక్కువ కాబట్టి అక్కడే నయం. కొట్లో రికార్డు చేతికి తీసుకున్నాక తొందరపడకండి. కవర్లోంచి తీసి అంచుల్ని అరచేతులతో పట్టుకుని, ట్యూబులైటు కిందో, వీలైతే గుమ్మంలో వెలుతురుకో ఏటవాలుగా తిప్పండి. వెంట్రుకలాంటి గీతలకు భయపడక్కర్లేదు. వేలిగోరు తేలిగ్గా ఆనించినప్పుడు తగిలే గీతైతే ముల్లు అక్కడ ఎగురుతుంది. తర్వాత నడిమి చిల్లు చూడండి. దాని చుట్టూ లేబులు మీద సన్నటి వంకర గీతలు ఎన్ని ఎక్కువుంటే అన్నిసార్లు దాన్ని గుడ్డిగా ప్లేయరు మీద దించినట్టు. పాటలు అయిపోయాక లేబులు దగ్గర మిగిలే నున్నటి పట్టీలో చేత్తో గీసిన నంబరుంటుంది. దాన్ని ఫోన్లో డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటు జాబితాతో పోల్చితే ఏ దేశంలో ఏ ప్రెసింగో తెలుస్తుంది. చివరగా కవర్లోకి ముక్కు పెట్టి వాసన చూడండి. బూజు వాసనొస్తే అక్కడే వదిలేయండి. ఇంటికి తెస్తే పక్కవాటికీ అంటుతుంది.

ఆన్‌లైన్లో పాత ఎల్పీ కొనేవాళ్లకు ఒక మాట. రికార్డు స్థితికి గుర్తుగా వీజీ (వెరీ గుడ్) అని రాస్తే, నిజంగా 'చాలా బాగుంది' అని కాదు. ఆ లెక్కలో వీజీ అంటే నిశ్శబ్దంగా ఉండే చోట్ల టపటపలు గట్టిగానే వినిపిస్తాయని. సినిమా సంగీతంలో నిశ్శబ్దం ఎక్కువ కాబట్టి వీజీ ప్లస్‌కు తక్కువైనది మనకు పనికిరాదు. ఒక అమ్మకందారు నాకు వీజీ ప్లస్ అని పంపిన రికార్డులో మొదటి వైపంతా పేలాలు వేగుతున్నట్టే ఉంది. డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి నెల పట్టింది.

మరి ఎల్పీ ఎప్పుడు కొనాలి? ఆల్బమే ఒక వస్తువుగా విలువైనప్పుడు. 1971లో 'ఆండ్రోమెడా స్ట్రెయిన్' సినిమాకు గిల్ మెల్లే చేసిన ఎలక్ట్రానిక్ సంగీతాన్ని కాప్ కంపెనీ ఆరు పలకల రికార్డుగా వేసింది. గుండ్రంగా కాదు, నిజంగానే ఆరు పలకలు! దాన్ని సీడీలో కొంటే సగం సరదా పోయినట్టే. 1977 'స్టార్ వార్స్' రెండు రికార్డుల ఆల్బం కూడా అలాంటిదే. జాన్ విలియమ్స్ దాన్ని సినిమా వరసలో కాక కచేరీలా కూర్చాడు. ఆ కూర్పుకే ఒక అందం ఉంది. ఈ మధ్య రంగురంగుల వినైల్‌లో, కొత్త బొమ్మలతో వచ్చే రీఇష్యూలు చూడ్డానికి బాగుంటాయి. చాలావాటిలో ఉన్నది డిజిటల్ మాస్టరే, అంటే సీడీలోకి ఎక్కించే లాంటి ప్రతే. చెవికి కొత్తగా ఏమీ దక్కదు. గోడకు తగిలించుకోవడానికైతే సరే.

సీడీ: నా ఓటు దీనికే

సీడీల కాలం అయిపోయిందని ఎవరన్నా అంటే పాత సినిమా సంగీతం సంగతి వాళ్లకు తెలియదని అర్థం. ఈ రంగంలో అసలు పని జరిగింది సీడీల మీదే. స్టూడియోల గోదాముల్లో మూలుగుతున్న టేపుల్ని వెతికి, శుభ్రం చేసి, మొత్తం సంగీతాన్ని సినిమా వరసలో పెట్టి, ఏ ముక్క ఏ సన్నివేశానికో రాసిన పుస్తకంతో సహా వేసే చిన్న సంస్థలున్నాయి: ఇంట్రాడా, లా-లా ల్యాండ్, వరేజ్ సరబాండ్ లాంటివి. ఫిల్మ్ స్కోర్ మంత్లీ అనే పత్రిక ఇలా 250 ఆల్బంలు వేసి ఆపేసింది. ఉదాహరణకు 1979 నాటి 'స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్'. అప్పటి ఎల్పీలో సుమారు నలభై నిమిషాలే. 2012లో లా-లా ల్యాండ్ వేసినది మూడు సీడీలు. అందులో సినిమాలో వాడకుండా పక్కన పెట్టిన మొదటి ప్రయత్నాలు కూడా ఉన్నాయి. గోల్డ్‌స్మిత్ తన ప్రధాన బాణీ దొరకక ముందు ఎక్కడెక్కడ తడుముకున్నాడో చెవులతో వినొచ్చు.

ఆ పుస్తకాల కోసమైనా సీడీ కొనాలి. 1968 'ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్'లో వినిపించే వింత శబ్దాలు ఎలక్ట్రానిక్ అనుకుంటారు చాలామంది. కావు. వంటింటి స్టీలు గిన్నెలు, పొట్టేలు కొమ్ము బూర, నోటి దగ్గరి మౌత్‌పీసు బిగించకుండా ఊదిన ఇత్తడి వాయిద్యాలు. ఇలాంటివి తెలిశాక అదే ట్రాకు ఇంకోలా వినిపిస్తుంది. స్ట్రీమింగులో ఈ సమాచారం ఉండదు.

సీడీకీ ఇబ్బందులున్నాయి. ఈ ప్రత్యేక ఎడిషన్లు వెయ్యి నుంచి మూడు వేల కాపీల దాకా వేసి ఆపేస్తుంటారు. అయిపోతే రెండో చేతి ధర రెట్టింపో అంతకన్నా ఎక్కువో. 1980ల చివర, 90ల మొదట్లో బ్రిటన్‌లో అచ్చయిన కొన్ని సీడీలు అంచుల నుంచి కంచు రంగుకు తిరిగి పాడవుతాయి. పాతది కొంటే వెలుతురులో వెనక్కి తిప్పి చూడండి. తేమ సీడీకి అంత ప్రమాదం కాదు గానీ పుస్తకం పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం పడేస్తే సరి. ప్లేయరు దొరకదన్న టెన్షన్ వద్దు, యూఎస్‌బీతో కంప్యూటరుకు తగిలించే డీవీడీ డ్రైవు చాలు.

క్యాసెట్ గురించి రెండు ముక్కలు. వద్దు. టేపు సాగుతుంది, బూజు పడుతుంది, లోపలి స్పాంజి ముక్క ఊడిపోతుంది. చిన్నప్పటి జ్ఞాపకంగా దాచుకుంటే అది వేరే సంగతి.

ఫైళ్లు, స్ట్రీమింగు

వెతుక్కోవడానికి స్ట్రీమింగును మించింది లేదు. కొనే ముందు అక్కడ విని చూడండి. కానీ అక్కడున్నదాన్ని నమ్మి సేకరణ కట్టకండి. హక్కులు మారినప్పుడు ఆల్బం మాయమవుతుంది. పైగా మొదట చెప్పిన మూడు రకాలూ అక్కడ కలగాపులగం. సినిమా పేరు కొట్టగానే పైకి వచ్చేది చాలాసార్లు ఎవరో కీబోర్డు మీద వాయించిన కవర్ వెర్షన్. యూట్యూబులో అభిమానులు పెట్టేవి ఇంకా గందరగోళం, కొందరు సినిమా నుంచే డైలాగులు చెరిపి తీసినవి పెడతారు.

డబ్బు పెట్టి కొన్న ఫ్లాక్ ఫైలు (నాణ్యత తగ్గకుండా కుదించిన ఆడియో ఫైలు) వేరు. అది సీడీతో సమానం, ఒక్క చుక్క కూడా పోదు. విదేశీ తపాలా ఖర్చు ఉండదు, సుంకం గొడవ ఉండదు, ఆ రాత్రే వినొచ్చు. గంట నిడివి ఆల్బం సుమారు 300 ఎంబీ. ఒక టెరాబైటు డిస్కులో మూడు వేల ఆల్బంలు పడతాయి, జీవితానికి చాలు. లోటల్లా ఒక్కటే. మంచి పాత ఆల్బంలలో చాలావాటిని హక్కుల కారణంగా సీడీగా మాత్రమే అమ్ముతారు, ఫైలుగా అమ్మరు.

అందుకని నేను సీడీ కొని దాన్ని ఫ్లాక్‌గా మార్చి పెట్టుకోమంటాను. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని తప్పుల్లేకుండా చేస్తుంది. ఒక కాపీ ఇంట్లో, ఇంకో కాపీ వేరే ఊళ్లో ఉండే చెల్లెలి ఇంట్లోనో, క్లౌడులోనో. ఇది మన జిల్లాల్లో అతిజాగ్రత్త కాదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. పైకప్పులు లేచిపోయిన ఇళ్లలో కాగితమూ అట్టా ఏమీ మిగల్లేదు. టేపులు స్టూడియోల్లోనే శాశ్వతం కావన్న సంగతీ గుర్తుంచుకోండి. 1982 'ట్రాన్' సినిమాకు వెండీ కార్లోస్ చేసిన సంగీతం సీడీగా రావడానికి ముందు, జిగురు తేలిన మాస్టర్ టేపుల్ని ఓవెన్లో సన్నటి సెగ మీద కాల్చి తేమ పోగొట్టాల్సి వచ్చింది.

ఎవరికి ఏది

నెలకు వెయ్యి, పదిహేను వందలు మించి పెట్టలేనివాళ్లు ఎల్పీ ఊసెత్తకండి. ఫైళ్లతో మొదలుపెట్టి మూడు నాలుగు నెలలకోసారి ఒక సీడీ కొనండి. మొదటిదిగా 'ప్లానెట్ ఆఫ్ ద ఏప్స్' కొనండి. నచ్చకపోతే ఈ సరదా మీది కాదేమో చూసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ శబ్దాల మీద మోజున్నవాళ్లకు 'ఫర్బిడెన్ ప్లానెట్', తర్వాత 'సొలారిస్'. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి 'సొలారిస్' తొందరగా ఎక్కుతుంది. అందులో తంబూరాలా ఒకే ఆధారం మీద నిలబడే శబ్దాలు ఎక్కువ. పెద్ద ఆర్కెస్ట్రా కావాలంటే 'స్టార్ వార్స్' 1997 రెండు సీడీల ఎడిషన్. 1954 'గాడ్జిల్లా'కు ఇఫుకుబే అకిరా రాసిన మార్చ్ ఇంట్లో పిల్లలకు కూడా నచ్చుతుంది. ఆ మృగం అరుపు కూడా వాయిద్యమే, వదులు చేసిన డబుల్ బేస్ తీగ మీద రోజనం రాసిన తోలు తొడుగుతో లాగినది.

మరీ వెనక్కి వెళ్లాలనుకునేవాళ్లు 'థింగ్స్ టు కమ్' వినండి. మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసిన 1936లోనే వచ్చిన బ్రిటిష్ సినిమా అది. ఆర్థర్ బ్లిస్ సంగీతాన్ని అప్పుడే డెక్కా 78 రికార్డులుగా వేసింది. ఆ 78లు కొనమని చెప్పను. వాటి నుంచి సీడీలోకి ఎక్కించినవి చాలు.

మన సినిమాల మాటేమిటని అడుగుతారు. 1963 తమిళ సినిమా 'కలై అరసి'లో గ్రహాంతరవాసులున్నారు, సంగీతం మన కె.వి.మహదేవన్. 1967 హిందీ 'చాంద్ పర్ చఢాయీ'కి ఉషా ఖన్నా. 1991 'ఆదిత్య 369'కు ఇళయరాజా సంగీతం చెప్పక్కర్లేదు. వీటికి మాత్రం సలహా తిరగబడుతుంది. పాటలు కావాలంటే ఫైళ్లు చాలు. వెనక సంగీతం కావాలంటే సినిమా మంచి ప్రింటు కొనుక్కోవడమే, టైమ్ మెషీన్ తిరిగేటప్పటి మోతను విడిగా అమ్మిన డిస్కు కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి.

ఆర్డరు పెట్టేటప్పుడు

అమెరికా సంస్థల దగ్గర ఒక్క సీడీ 20 డాలర్ల చుట్టుపక్కల, రెండు సీడీల సెట్ 30, 35 దాకా ఉంటుంది. ఒక్కటే తెప్పిస్తే తపాలా ఖర్చు సీడీ ధరతో పోటీ పడుతుంది. మీద సుంకం. అందుకే ముగ్గురు నలుగురు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకుంటే తలా కొంత తగ్గుతుంది. మరీ పెద్ద పార్సిల్ చేసినా కస్టమ్స్ వాళ్లకు అమ్మకం సరుకులా కనిపిస్తుంది, ఒక్కో టైటిల్ ఒకటికి మించకుండా చూసుకోండి. కొరియర్ అయితే ఆధార్ లాంటి గుర్తింపు కాగితం అడుగుతారు, పేరు ఆర్డరులో ఉన్నట్టే ఉండాలి. ఇండియా పోస్టులో వచ్చేది ఆలస్యమైనా పోస్ట్‌మ్యాన్ ఇంటికే తెస్తాడు, సుంకం ఉంటే చేతికే కట్టొచ్చు. ప్లాస్టిక్ డబ్బాలు దారిలో పగలడం మామూలే, లోపలి డిస్కు బాగుంటే ఫిర్యాదు చేయకండి, కొత్త డబ్బా చవక. ఎల్పీ అయితే జూన్ నుంచి అక్టోబర్ దాకా తెప్పించకండి. తప్పదంటే అట్టపెట్టె లోపల ఇంకో ప్లాస్టిక్ చుట్టమని అమ్మేవాడికి ముందే రాయండి.